విషం తిరగబెట్టలేదు.. అది సీరం జ్వరం!

బొంరాస్‌పేట మండలంలో ఏ ఊరికి పోయినా 'పాము కరిచింది' అనే మాట చప్పున వినిపించదు. 'పురుగు ముట్టింది' అంటారు. పేరెత్తితే మళ్లీ వస్తుందని పెద్దల భయం. ఆ భయం సంగతి అట్లుంచితే, ఈ మధ్య ఊళ్లలో ఇంకో భయం మొదలైంది. అది పాము భయం కాదు, పాము సూది భయం. "ఫలానా ఆయనకు సూది పడలేదట, ఒళ్లంతా ఉబ్బిందట" అని ఒకరు, "సూది ఏసినా వారానికి విషం తిరగబెట్టిందట" అని ఇంకొకరు. ఈ రెండు మాటలు విని దవాఖానకు పోకుండా పసరు మందుకు పోయేవారున్నారు. సగం సీసా ఎక్కాక సూది పీకించుకుని వచ్చేవారూ ఉన్నారు. ఈ వారం ఆ రెండు మాటల సంగతి చూద్దాం.

ఒక ఇల్లు అనుకుందాం. పేరు అక్కర్లేదు, పరిగి - కొడంగల్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఏ ఊళ్లోనైనా ఉండే ఇల్లే. మూడెకరాల కంది, ఎకరం పత్తి. వానలు పడ్డాయి. పొద్దుగూకే వేళ రైతు గెట్టు మీద కూలిన నాపరాళ్లు సర్దబోయాడు. తాండూరు దగ్గర కావడంతో మన దిక్కు గోడకైనా, కొట్టానికైనా, అరుగుకైనా నాపరాయే. రాయికీ రాయికీ నడుమ సందు చల్లగా ఉంటుంది. ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం అది చేరుతుంది. చెయ్యి పెట్టగానే బుస్సుమంది, కాటు పడింది. రక్తపింజరి.

బావమరిది బండి మీద నడుమ కూర్చోబెట్టుకుని దవాఖానకు తెచ్చాడు. మంచి పనే చేశాడు. డాక్టరు రక్తం తీసి గాజు గొట్టంలో పోసి చూశాడు, గడ్డ కట్టలేదు. సీరం మొదలుపెట్టారు. పావుగంట కాలేదు, మెడ మీద దురద, చేతుల మీద దద్దుర్లు, పొడి దగ్గు, కడుపులో నొప్పి.

"సూది పడుతలేదు సారూ, తీసేయుండ్రి! మనిషి ఏమైపోతాడో!" అని భార్య గోల.

"ఆగమ్మా, జరసేపు ఆపుతం, మళ్లీ పెడతం" అన్నాడు డాక్టరు. సీసా ఆపాడు. తొడ కండలో ఒక సూది వేశాడు. అరగంటలో దద్దుర్లు దిగాయి. మళ్లీ నెమ్మదిగా సీసా ఎక్కించారు. నాలుగో రోజు మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఎనిమిదో రోజు జ్వరం వచ్చింది. మోకాళ్లు, మణికట్లు పట్టేశాయి. ఒంటి మీద మళ్లీ దద్దుర్లు. ఇంటి పెద్దమ్మ చూసి, "విషం తిరగబెట్టింది బిడ్డా, మంత్రం ఏయిద్దాం పా" అన్నది. అంతా బయల్దేరారు.

పెద్దమ్మ తప్పు లేదు. దవాఖాన నుంచి పంపేటప్పుడు ఈ జ్వరం సంగతి ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

గుర్రం రక్తం నుంచి వచ్చే మందు

పాము సూది అని మనం పిలిచేది పాము విషానికి విరుగుడు సీరం. దాన్ని గుర్రం రక్తం నుంచి తీస్తారు. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, పొలుసులు ఒరుసుకుని గరగర చప్పుడు చేసే చిన్న పింజరి. ఈ నాలుగింటి విషాన్ని కొంచెం కొంచెంగా, నెలల తరబడి, గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం చావదు. దాని రక్తంలో ఆ విషాన్ని పట్టి కట్టేసే పదార్థాలు తయారవుతాయి. ఆ రక్తం నుంచి తేటనీరు తీసి శుద్ధి చేస్తే మన సీసాలోకి వచ్చే మందు అవుతుంది.

విషం తీసే పని చాలాకాలంగా తమిళనాడులోని ఇరుళ గిరిజనుల చేతిలో ఉంది. 1978లో వారు సహకార సంఘం పెట్టుకున్నారు. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర దాన్ని చూడవచ్చు. పాములు పట్టి, విషం పిండి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఇక సీరం తయారీకి మనం అంత దూరం చూడనక్కర్లేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లోనే ఒక తయారీ సంస్థ ఉంది. బొంరాస్‌పేట కూడా 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో కలిసేదాకా ఆ జిల్లాలోదే. మన పాత జిల్లాలోనే తయారయ్యే మందుకు మన ఊళ్లోనే భయపడుతున్నామన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. గుర్రం మాంసకృత్తు మనిషి ఒంటికి పరాయిది. తయారీలో దాన్ని పెప్సిన్ అనే ఎంజైముతో కోసి, రియాక్షను తెచ్చే తోక భాగాన్ని తీసేస్తారు. వడ్లు దంచి ఊక చెరిగినట్లే. కానీ ఎంత చెరిగినా చేటలో నాలుగు మెరికలు మిగులుతాయి కదా. అట్లాగే సీసాలోనూ కొంత మిగులుతుంది. పైగా ఒక సీసాతో పోయేది కాదు. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాల మందు సెలైన్‌లో కలిపి గంటసేపట్లో ఎక్కిస్తారు. అంత పరాయి పదార్థం ఒక్కసారిగా నరంలోకి పోతే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. కొందరి ఒళ్లు కాస్త, కొందరి ఒళ్లు గట్టిగా.

'చిన్నపిల్లకు పది సీసాలా, సగం చాలు సారూ' అని బతిమాలే తల్లిదండ్రులుంటారు. పాము పిల్లను చూసి విషం తగ్గించి వదలదు. పెద్దవారికి ఎంతో పిల్లలకూ అంతే సీరం. కలిపే సెలైన్ మాత్రం బరువును బట్టి తగ్గిస్తారు.

సీసా ఎక్కుతుండగా వచ్చేవి

సీరం మొదలుపెట్టిన పది నిమిషాల నుంచి మూడు గంటల లోపు వచ్చే రియాక్షను మొదటి రకం. దురద, దద్దుర్లు, పొడి దగ్గు, వాంతి, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, గుండె దడ. ముదిరితే పెదవులు, నాలుక ఉబ్బడం, పిల్లికూతలు, బి.పి. పడిపోయి కళ్లు తిరగడం. దీనికి విరుగుడు అడ్రినలిన్. పెద్దవారికి అర మిల్లీగ్రాము తొడ కండలో వేస్తారు, పిల్లలకు బరువును బట్టి. తగ్గకపోతే కొన్ని నిమిషాలకు మళ్లీ వేస్తారు. దురద మందు, స్టెరాయిడ్ సూది ఆ తర్వాతివి. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, ప్రాణం నిలిపేది అడ్రినలినే.

రెండో రకం ఒకటి రెండు గంటల్లో వచ్చే చలి వణుకు, జ్వరం. మంచం కదిలిపోయేట్టు వణుకుతారు. మందు తయారీలో మిగిలే సూక్ష్మ మలినాల వల్ల వస్తుంది. చూసేవారికి భయంగా ఉంటుంది కానీ జ్వరం మందు, సెలైన్‌తో దిగుతుంది. మలేరియా పట్టుకున్నదేమోనని కంగారు పడొద్దు.

ఇవి అరుదుగా వచ్చేవి కావు, రైతు సోదరులు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. మన దేశంలో తయారైన సీరాన్నే వాడే శ్రీలంకలో 1007 మంది పాముకాటు రోగులను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి 75 మందికి ఏదో ఒక రియాక్షను వచ్చింది. అంటే నలుగురిలో ముగ్గురికి. సీరానికి ముందే కొద్దిపాటి అడ్రినలిన్ చర్మం కింద వేసినవారిలో మొదటి గంటలో తీవ్రమైన రియాక్షన్లు నూటికి 43 పాళ్లు తగ్గాయి. ముందుగా దురద మందు, స్టెరాయిడ్ ఇచ్చినందువల్ల మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

కాబట్టి 'ఆయనకు సూది పడలేదు' అనడం ఎట్లుంటుందంటే, మోటరు మొదలుపెట్టగానే గరగరమన్నదని బావి పూడ్చినట్లుంటుంది. రియాక్షను వస్తే ఆపుతారు, సరిచేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. రియాక్షనుకు మందు ఉంది. ఎక్కిన పాము విషానికి మాత్రం సీరం తప్ప వేరే విరుగుడు లేదు. మధ్యలో సూది పీకించుకుంటే దద్దుర్లు పోతాయి, విషం ఒంట్లోనే ఉంటుంది.

ఇందులో బంధువులు చేయగల పని ఒకటుంది. మొదటి గంట మంచం పక్క నుంచి కదలొద్దు. టీ తాగి రావడానికి అందరూ ఒకేసారి పోవద్దు. రోగి గోక్కుంటున్నాడా, దగ్గుతున్నాడా, గొంతు మారిందా చూడండి. 'సిస్టర్, దురద అంటున్నడు' అని వెంటనే చెప్పండి. అదే కబురు పది నిమిషాలు ఆలస్యమైతే చిన్న రియాక్షను పెద్దదవుతుంది.

చర్మం మీద చుక్క వేసి చూడటం

'టెస్టు డోసు వేసి చూసిండ్రా?' అని అడిగేవారు మనలో చాలామంది. పెన్సిలిన్ రోజుల అలవాటు. సీరానికి ఆ పరీక్ష పనికిరాదు. చర్మం మీద ఏమీ రానివారికి సీసా ఎక్కుతుండగా రియాక్షను రావచ్చు, చర్మం ఎర్రబడినవారికి ఏమీ రాకపోవచ్చు. ఎందుకంటే ఇక్కడి రియాక్షను చాలావరకు పాత పరిచయంతో వచ్చే అలర్జీ కాదు, అంత పరాయి పదార్థం ఒక్కసారి పడినందుకు ఒళ్లు చేసే గలాటా. పైగా ఆ చుక్క వల్ల ఒళ్లు సీరానికి ముందే ఎదురు తిరగడం మొదలుపెట్టవచ్చు. మన దేశపు చికిత్సా మార్గదర్శకాలు టెస్టు డోసు వద్దనే చెబుతున్నాయి. అది వేసి అరగంట చూడటమంటే విషానికి అరగంట వదిలినట్లే.

ఉబ్బసం ఉన్నవారు, ఇదివరకు గుర్రపు సీరం తీసుకున్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. చెబితే సీరం ఇవ్వడం మానేస్తారని దాచిపెట్టొద్దు, మానరు. జాగ్రత్తగా ఇస్తారు, అంతే. గర్భిణికైనా అవసరమైతే ఇవ్వాల్సిందే.

ఇక ఊళ్లో ఇంటికొచ్చి సూదులు వేసే వైద్యుల చేత సీరం వేయించుకునే ఆలోచన పెట్టుకోవద్దు. అడ్రినలిన్, ఆక్సిజన్, బి.పి. చూసే మనిషి లేనిచోట సీరం సీసా విప్పకూడదు. అట్లాగని అన్నీ ఉన్న దవాఖానలో కూడా రియాక్షను భయంతో 'పెద్దాసుపత్రికి తీసుకుపోండి' అని చీటీ రాసి పంపడం న్యాయం కాదు. హైదరాబాద్ దారిలో పోయే గంటలు రోగివి. మొదటి విడత ఎక్కించి పంపించమని అడగడం మీ హక్కు. గట్టిగా, మర్యాదగా అడగండి.

అందరికీ సీరం అక్కర్లేదు

రియాక్షను సంగతి తెలిశాక ఇంకో మాట కూడా అర్థం చేసుకోవాలి. 'ఎందుకైనా మంచిది, సూది ఏయుండ్రి సారూ' అని పట్టుబట్టొద్దు. జెర్రిపోతు, నీరుకట్టె కరిస్తే సీరం అక్కర్లేదు. విషపాము కరిచినా ప్రతిసారీ విషం వదలదు. అందుకే డాక్టర్లు చూస్తారు. 2 మి.లీ. రక్తం పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచుతారు. గడ్డ కట్టకుండా పారితే పింజరి విషం ఎక్కినట్లు. కనురెప్పలు వాలడం, మాట ముద్దకావడం, మింగలేకపోవడం ఉంటే నాగుపామో, కట్లపామో. ముఖ్యంగా కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కూడా కనిపించదు. తెల్లవారి కడుపునొప్పి అంటారు, తర్వాత రెప్పలు వాలతాయి.

లక్షణాలు లేకపోతే ఒకరోజు దవాఖానలో ఉంచి గమనిస్తారు. 'ఏమీ ఇస్తలేరు, ఊరికే పండబెట్టిండ్రు' అని కోపం వద్దు. అక్కర్లేని సీరం ఇవ్వకపోవడం కూడా వైద్యమే.

వారం తర్వాత వచ్చే జ్వరం

మళ్లీ మన రైతు ఇంటికి వద్దాం. ఎనిమిదో రోజు జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు. వైద్యులు దీన్ని సీరం సిక్‌నెస్ అంటారు. మనం సీరం జ్వరం అనుకుందాం. వియన్నాలో ఫాన్ పిర్కే, బేలా షిక్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు దీని సంగతి 1905లోనే పుస్తకంగా రాశారు. అప్పట్లో వారు గుర్రపు సీరం ఇచ్చింది పాముకాటుకు కాదు, పిల్లల అంటురోగాలకు. పిల్లలు రోగం నుంచి కోలుకుని, వారం పది రోజులకు మళ్లీ జ్వరం, దద్దుర్లతో వచ్చేవారు. రోగం తిరగబెట్టిందనే అందరూ అనుకునేవారు. ఇది రోగం కాదు, మందుకు ఒళ్లు ఇస్తున్న జవాబు అని వారిద్దరూ తేల్చారు. మన పెద్దమ్మ అనుమానం నూట ఇరవై ఏళ్ల కిందట వియన్నా తల్లులకూ వచ్చిందన్నమాట.

జరిగేది ఇది. పరాయి మాంసకృత్తు వచ్చిందని ఒళ్లు గుర్తించి దానిపై దండు తయారుచేయడానికి సుమారు వారం పడుతుంది. అప్పటికి సీరం కొంత రక్తంలో ఇంకా తిరుగుతుంటుంది. ఈ దండు, ఆ సీరం కలిసి ముద్దలు కట్టి కీళ్లలో, చర్మంలో, కొన్నిసార్లు మూత్రపిండాల్లో చిక్కుకుంటాయి. అందుకే నొప్పులు, దద్దుర్లు, గజ్జల్లో చంకల్లో బిళ్లలు. ఒకటో రోజు నుంచి పన్నెండో రోజు లోపు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువగా ఏడో రోజు ప్రాంతంలో.

మంత్రం వేస్తే తగ్గిందంటారు. తగ్గుతుంది. చాలామందిలో అది దానంతటదే కొద్ది రోజుల్లో దిగిపోయేదే. పేరు మాత్రం మంత్రగాడికి పోతుంది. దవాఖానకు పోతే ఐదు రోజులు దురద మాత్రలు ఇస్తారు. వాటికి లొంగకపోతే స్టెరాయిడ్ మాత్రలు ఐదారు రోజులు. దాంతో తొందరగా తేలికపడుతుంది. స్టెరాయిడ్ మాత్రం సొంతంగా కొని మింగేది కాదు. నొప్పుల సూదులు కూడా ఊళ్లో వేయించుకోవద్దు. పింజరి కాటు తర్వాత మూత్రపిండాలు అసలే నలిగి ఉంటాయి, వాటిమీద నొప్పుల మందు పడితే ఇంకా దెబ్బతింటాయి.

'విషం తిరగబెట్టడం' అనేది మొత్తం ఉత్తమాటేనా అంటే, కాదు. పింజరి కాటులో గాటు దగ్గర మిగిలిన విషం మొదటి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ రక్తంలోకి దిగి, కట్టిన రక్తం మళ్లీ పలుచబడవచ్చు. అందుకే ఆరు గంటలకోసారి ఆ గాజు గొట్టం పరీక్ష చేస్తారు, అందుకే తొందరపడి ఇంటికి పోతామనొద్దు. ఇంటికొచ్చాక కూడా చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం ఎర్రగా లేదా నల్లగా రావడం, మూత్రం బాగా తగ్గడం, ముఖం, కాళ్లు ఉబ్బడం కనిపిస్తే అది సీరం జ్వరంలే అని ఊరుకోవద్దు. అదే పూట దవాఖాన చేరాలి.

కుక్క కాటు సంగతి

పిచ్చికుక్క లోతుగా కరిచినప్పుడు గాయం చుట్టూ వేసే సీరం కొన్నిచోట్ల గుర్రం నుంచి తీసిందే ఉంటుంది. దానికీ వారం తర్వాత ఇలాంటి జ్వరం, దద్దుర్లు రావచ్చు. అప్పుడు మిగిలిన టీకాలు మానేయొద్దు. టీకా వేరు, సీరం వేరు. ఇనుము గీరుకుంటే వేసే టి.టి. కూడా టీకాయే, గుర్రంతో దానికి సంబంధం లేదు.

చేలో కాటు పడితే

కత్తితో కోయడం, నోటితో పీల్చడం, పసరు కట్టడం వద్దు. తాడు బిగించొద్దు. ఎవరైనా ఇప్పటికే బిగించి ఉంటే దారిలో విప్పొద్దు, దవాఖానలో డాక్టరు ముందే విప్పాలి. ఒక్కసారి విప్పితే ఆగిన విషం గుప్పున పాకుతుంది. కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా తీసుకుపోండి. 108కు ఫోన్ చేయండి. పామును వెతికి చంపి సంచిలో తేవడానికి వెచ్చించే సమయం దండగ. నాలుగు పాములకూ ఒకటే మందు కాబట్టి పాము కనిపించకపోయినా వైద్యం ఆగదు.

2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెటూళ్ల వారే, వానకాలంలోనే. 2030 నాటికి ఈ చావులు సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో ఒక జాతీయ కార్యాచరణ ప్రకటించింది. సీసాలు దవాఖానకు చేర్చడం ప్రభుత్వం పని. ఎక్కుతున్న సీసాను మధ్యలో పీకించకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉన్నది.

2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది కోసేటప్పుడు, కట్టెలు కట్టేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు వంగిన చెయ్యి ముందు పోతుంది, కన్ను తర్వాత. కట్టె ఎత్తే ముందు కర్రతో ఒకసారి తట్టండి. రాత్రి మోటరు పెట్టబోతే టార్చి, చెప్పులు కాదు బూట్లు.

చివరగా చీటీ సంగతి. దవాఖాన నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద ఏ తేదీన, ఎన్ని సీసాలు ఎక్కించారో, ఏ రియాక్షను వచ్చిందో, దానికి ఏమిచ్చారో రాయించుకోండి. వారం లోపల జ్వరం, దద్దుర్లు వస్తే ఎక్కడికి రావాలో కూడా అడిగి రాయించుకోండి. ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని పట్టాదారు పాసుబుక్కులో పెట్టండి. ఇంట్లో ఏ కాగితం పోయినా అది పోదు కదా. మళ్లీ ఎప్పుడైనా పురుగు ముడితే పాసుబుక్కుతో సహా బండెక్కండి.